కోపానికి వెరచిన మనిషి

కోపం వస్తే ఆకుపచ్చని మహాకాయుడిగా మారే శాస్త్రవేత్త ‘హల్క్’ కథ 1962లో అమెరికన్ బొమ్మల కథగా వెలువడింది. దానిని టెలివిజన్‌కు మలచే బాధ్యత కెనెత్ జాన్సన్‌కు వచ్చినప్పుడు ఆయన చదువుతున్నది విక్టర్ హ్యూగో ‘లే మిజరాబ్ల్’. ఆ నవలలో మారుపేర్లతో బతికే మాజీ ఖైదీని పోలీసు అధికారి వెంటాడినట్లే, 1977లో తెరమీదికి వచ్చిన డేవిడ్ బానర్‌ను ఒక పత్రికా విలేకరి వెంటాడుతాడు.

బొమ్మల్లో మాట్లాడిన హల్క్ తెరపై గర్జించడమే తప్ప మాట్లాడడు. వింత శత్రువులూ లేరు. మిగిలినది తన కోపానికి తానే వెరచి, ఏ ఊళ్లోనూ నిలువలేక, సంచి భుజాన వేసుకొని దారి పట్టే ఒంటరి మనిషి. ప్రేక్షకులు 1982 వరకు అతని వెంట నడిచారు.

ఆ నవలే 1950లో నాగయ్య నటించిన ‘బీదలపాట్లు’గా తెలుగు తెరకూ వచ్చింది. వేషం మారినా వేదన మారకపోవడమే మంచి అనువాదం.