అప్పడాల కర్ర మీద ఎం.ఏ. చేయొచ్చా?

సంక్రాంతికి మా చెల్లెలి ఇంటికి తెనాలి వెళ్ళాను. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటున్నానో లేదో, దాని కూతురు ఎదురొచ్చి అడిగిన మొదటి ప్రశ్న ఇది: “పెద్దమ్మా, అప్పడాల కర్ర మీద ఎం.ఏ. చేయొచ్చా?”

నేను నవ్వేశాను. అది నవ్వలేదు. చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. నేలమీద పాత వారపత్రికల కట్టలు. వాళ్ళ తాతగారు దాచి అటక మీద పెట్టినవి, దుమ్ము దులిపి దించింది. కార్టూన్లున్న ప్రతి పేజీలోనూ ఓ కాగితం ముక్క గుర్తు. పక్కనే ఒక నోటుపుస్తకం. అందులో గళ్ళు గీసి లెక్క రాసుకుంటోంది. ఆలస్యంగా ఇంటికొచ్చే భర్త, తలుపు వెనక అప్పడాల కర్రతో భార్య... ఒక గడి. బోండాంలాంటి భార్య, పుల్లలాంటి భర్త... ఇంకో గడి. ఆఫీసరు, టైపిస్టు. అత్త, కోడలు. చీరల కొట్టు ముందు తల పట్టుకున్న మగడు. బి.ఏ. ఇంగ్లీషు లిటరేచర్ ఆఖరి సంవత్సరం పిల్ల. పరీక్షలు పెట్టుకుని ఈ పని చేస్తోంది!

“మనింట్లో అప్పడాలు వత్తడం చూశాను గానీ అమ్మ ఆ కర్రతో నాన్నని కొట్టడం ఎప్పుడూ చూడలేదు. ఎవరింట్లో చూసి వేశారు పెద్దమ్మా ఈ బొమ్మలన్నీ?” అంది.

నా దగ్గర జవాబు లేదు. ఉన్న సంగతి చెప్పాలంటే, ఆ బొమ్మల్లో నాకూ పాలుంది. ఏళ్ళ తరబడి పేజీ అడుగున నాలుగంగుళాల ఖాళీ మిగిలిన ప్రతిసారీ ఓ అప్పడాల కర్రని అక్కడ పెట్టి ‘హమ్మయ్య’ అనుకున్న చేతులు నావి. ఆడవాళ్ళ పేజీలో ఆడవాళ్ళని చూసి నవ్వే బొమ్మ ఏమిటని ఒక్కనాడూ నాకు తోచలేదు. చదివేవాళ్ళూ అడగలేదు. ఇరవై ఏళ్ళ పిల్ల అడిగింది.

భోజనాల దగ్గర మా మరిది అందుకున్నాడు. “వదినగారూ, మీరైనా చెప్పండి. ఎం.బి.ఏ. చెయ్యమ్మా అంటే బొమ్మల పుస్తకాలు చదువుతానంటోంది. దానికి కూడా ఫీజు కట్టాలా? రేపు పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు అమ్మాయి ఏం చదివిందంటే ఏం చెప్పాలి?”

కోప్పడాల్సిన మాటేం కాదది. ఆడపిల్ల చదువుకి అప్పు చేయడానికి సిద్ధంగా ఉన్న తండ్రి. ఆ అప్పు దేనికో తెలుసుకోవాలనుకోవడం తప్పా? అసలు చిక్కు ఏమిటంటే, చెప్పేవాళ్ళు లేరు. అంతకు వారం ముందే పిల్లని వెంటబెట్టుకుని పెద్ద ఊళ్ళో ఒక చదువుల సలహా కేంద్రానికి వెళ్ళాడట. అక్కడున్నాయన ‘కామిక్స్’ అనే మాట వినగానే “యానిమేషనేగా!” అని తమకు తెలిసిన కోర్సు కరపత్రం చేతిలో పెట్టి, అడ్వాన్సు ఎప్పుడు కడతారని అడిగాడట. పిల్ల అడిగిందొకటి, ఆయన అమ్మజూపింది మరొకటి.

ఆ రోజు నుంచి నేనే తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెలిసినంత మీకూ చెబుతాను. మీ ఇంట్లోనూ పుస్తకాల అంచుల మీద బొమ్మలు గీసే పిల్ల ఒకతె ఉండే ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. బొమ్మల కథలు వేయడం నేర్చుకోవాలా, వాటిని గురించి చదివి పరిశోధించాలా? చూడ్డానికి ఒక్కటిగా ఉన్నా ఇవి రెండు దారులు. సంగీతం పాడటానికీ, సంగీత చరిత్ర రాయడానికీ ఉన్నంత తేడా. రెండూ చేసేవాళ్ళు లేకపోలేదు. కానీ దరఖాస్తు ఫారంలో ఒకదానికే టిక్కు పెట్టాలి.

వేయడమే కావాలంటే మన దేశంలో దారి కాస్త స్పష్టంగానే ఉంది. బొంబాయి ఐ.ఐ.టి.లో 1969 నుంచీ డిజైన్ కేంద్రం నడుస్తోంది. ఇప్పుడు దాన్ని ఐ.డి.సి. స్కూల్ ఆఫ్ డిజైన్ అంటున్నారు. హైదరాబాద్ ఐ.ఐ.టి.లోనూ డిజైన్ శాఖ ఉంది. వీటిలో మాస్టర్ ఆఫ్ డిజైన్ చదవాలంటే ‘సీడ్’ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. జనవరిలో జరుగుతుంది. ఒక భాగం కంప్యూటర్ మీద, ఇంకో భాగం కాగితం మీద చేత్తో బొమ్మ గీసి. అహ్మదాబాద్‌లో 1961లో పెట్టిన జాతీయ డిజైన్ సంస్థకి వేరే పరీక్ష ఉంది. ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ అని 1994లో నర్మదా ఆనకట్ట మీద గ్రాఫిక్ నవల వేసిన ఒరిజిత్ సేన్ అక్కడ చదువుకున్నవారే.

సీడ్ గురించి ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు. వయసు పరిమితి లేదు! ఎన్నిసార్లైనా రాయొచ్చు. పెళ్ళికి ముందు బొమ్మలేసి, తర్వాత ఆ పెన్సిళ్ళు పిల్లల జామెట్రీ బాక్సులో పడేసిన అక్కచెల్లెళ్ళు ఈ వాక్యం రెండోసారి చదవండి.

మా పిల్లకి కావలసింది రెండో దారి. ఇక్కడే అసలు తికమక. ‘కామిక్స్ అధ్యయనం’ అని బోర్డు రాసి ఉన్న తలుపు మన దేశంలో వెతికితే దొరకడం కష్టం. అది ఇంగ్లీషు శాఖలోనో, చిత్రకళా చరిత్రలోనో, సినిమా అధ్యయనాల్లోనో, చివరికి మతాల అధ్యయనంలోనో దాక్కుని ఉంటుంది. మనమంతా చదివిన అమర చిత్ర కథల మీద 2009లో ఒక పెద్ద పరిశోధన పుస్తకం వచ్చింది. రాసినావిడ కార్లీన్ మెక్లేన్. అమెరికాలో మత అధ్యయనాలు బోధించే ఆచార్యురాలు. అంతకు ముందేడాదే అదే బొమ్మల పుస్తకాల మీద మన నందినీ చంద్ర పుస్తకం వెలువడింది. స్త్రీలు తమ జీవితాలను తామే బొమ్మలుగా వేసుకున్న గ్రాఫిక్ నవలల మీద ‘గ్రాఫిక్ విమెన్’ అని 2010లో రాసిన హిల్లరీ చూట్ పి.హెచ్‌డి. చేసింది ఇంగ్లీషు సాహిత్యంలో.

కాబట్టి కోర్సు పేరు పట్టుకుని వెతక్కండి, పుస్తకం పట్టుకుని వెతకండి. మీకు నచ్చిన పుస్తకం మొదట్లోనో చివర్లోనో ‘కృతజ్ఞతలు’ అని ఒక పేజీ ఉంటుంది చూడండి, అందరం తిప్పేసే పేజీ! అందులో తనకు గైడుగా ఉన్నదెవరో, ఏ శాఖలో చదివారో, ఏ గ్రంథాలయంలో కూర్చున్నారో రచయితే రాస్తారు. సలహా కేంద్రాలు చెప్పనిది అక్కడ దొరుకుతుంది.

అలా వెతికితే మనకు దగ్గర్లోనే కొన్ని తలుపులు కనిపించాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యులు ప్రమోద్ కె. నాయర్ 2016లో భారతీయ గ్రాఫిక్ నవల మీద పుస్తకం రాశారు. అదే ఆవరణలో సరోజినీ నాయుడు పేరిట ఉన్న కళల స్కూల్లో ఎం.ఎఫ్.ఏ.కి కళా చరిత్ర, దృశ్య అధ్యయనాలు అనే విభాగముంది. ఇఫ్లూలో సినిమా అధ్యయనాలతో పాటు ‘విజువల్ కల్చర్’ పేరునే పెట్టుకున్న శాఖ ఉంది. ఢిల్లీ జె.ఎన్.యు.లో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్థటిక్స్, బరోడాలో 1950 నాటి లలితకళల ఫ్యాకల్టీ సరేసరి. ఈ విజువల్ కల్చర్ అంటే ఏదో బ్రహ్మపదార్థం కాదు. కొట్టువాడిచ్చిన లక్ష్మీదేవి క్యాలెండరు, సినిమా వాల్‌పోస్టరు, సబ్బు ప్రకటనలో నవ్వే గృహిణి... కళ్ళముందు రోజూ ఉండి మనం చూడ్డం మానేసిన బొమ్మలని మళ్ళీ చూడ్డం. మా పిల్ల అప్పడాల కర్ర కూడా అందులోకే వస్తుంది.

విదేశాల సంగతికొస్తే, స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో 2011లో కామిక్స్ కోసమే పీజీ కోర్సు మొదలుపెట్టారు. 1938 నుంచీ వస్తున్న ‘బీనో’ పిల్లల బొమ్మల పత్రిక పుట్టినూరు అదే. పత్రిక పుట్టిన ఊళ్ళో దాని చదువు పుట్టింది! మనకు చందమామ ఉండేది, 1947 నుంచీ. దాని గురించి ఇంతకంటే అంటే మనసు పాడవుతుంది. జపాన్‌లో క్యోటో సైకా విశ్వవిద్యాలయం 2006లో మాంగా కోసం ఏకంగా ఒక ఫ్యాకల్టీనే పెట్టింది, జపనీస్ వస్తేనే సుమా. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని చిన్న ఊళ్ళో, ఒకప్పటి డిపార్ట్‌మెంట్ స్టోరు భవనంలో 2005లో కార్టూన్ అధ్యయన కేంద్రం తెరిచారు. అక్కడ రెండేళ్ళ ఎం.ఎఫ్.ఏ. వేసేవాళ్ళకది. పరిశోధించేవాళ్ళకి ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఇంగ్లీషు శాఖ ఉంది. 2004 నుంచీ ఆ శాఖ నడిపే కామిక్స్ పరిశోధన పత్రికను మనం ఇంట్లో కూర్చుని ఉచితంగా చదువుకోవచ్చు.

డబ్బు విషయంలో నా అభిప్రాయం దాచను. అక్కడ మాస్టర్స్ చదువుకి మామూలుగా ఫీజు మనమే కట్టుకోవాలి. పి.హెచ్‌డి.కైతే చాలా విశ్వవిద్యాలయాలు ఫీజు మాఫీ చేసి, కింది తరగతులకు పాఠాలు చెప్పించుకుని జీతంలాంటిది ఇస్తాయి. ఇల్లు తాకట్టు పెట్టి కార్టూన్ల మీద మాస్టర్స్‌కి పంపమని ఏ తండ్రికీ నేను చెప్పను. ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసి, ఒకటి రెండు వ్యాసాలు రాసి, ఆ తర్వాత ఖర్చు వాళ్ళే పెట్టుకునే చోటు చూసుకోవడం మేలు. ఇది విని మా మరిది ముఖం కొంచెం తేటపడింది. పిల్ల ముఖం కొంచెం ముడుచుకుంది. దానికి స్కాట్లండ్ మంచు మీద మనసుంది.

“అక్కడికెళ్తే లైబ్రరీలుంటాయి పెద్దమ్మా, ఇక్కడేమున్నాయి?” అంది.

ఆ మాట మాత్రం నన్ను పట్టుకుంది. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో కార్టూన్లకు ప్రత్యేకంగా ఒక గ్రంథాలయం ఉంది. 1977లో రెండు తరగతి గదుల్లో మొదలైంది. ఇప్పుడక్కడ 3 లక్షల అసలు బొమ్మలున్నాయి. దాని కథలో ఒక మహానుభావుడున్నాడు, బిల్ బ్లాక్‌బియర్డ్ అని. గ్రంథాలయాలు పాత దినపత్రికలను ఫిల్ము తీయించుకుని కాగితాలను పారేస్తుంటే, ఆ కట్టలన్నీ తెచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో తన ఇంటి నిండా పేర్చుకున్నాడు. బొమ్మల కథలు పోతాయని ఆయన బాధ. 1998లో ఆ సేకరణ ఒహాయోకి తరలించడానికి ఆరు పెద్ద లారీలు కావలసి వచ్చాయి. 75 టన్నులు! ఆ ఇంట్లో నడవడానికి దారెక్కడుండేదో!

మన దగ్గర ఆ కట్టలు ఎక్కడికి వెళతాయో మీకు తెలుసు, నాకు తెలుసు. పాతపేపర్ల వాడి కాటాలోకి. కార్టూన్ ఉన్న కాగితంలోనే మిరపకాయ బజ్జీలు కట్టిస్తారు. విశాఖపట్నం ఆవిడ, రాగతి పండరి, 1965లో పుట్టి 2015లో పోయారు. మగవాళ్ళే రాజ్యమేలిన తెలుగు కార్టూన్లలో చిన్ననాటి నుంచీ వేసి పేరు తెచ్చుకున్న మనిషి. ఒక ఆడది అదే చోట, అదే ఇంటిని, అదే మొగుడూ పెళ్ళాలను ఎలా వేసింది? ఆవిడ గీతలో అప్పడాల కర్ర ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్న అడగాలంటే ఆ పత్రికలు వరసగా ఒకచోట ఉండాలి. ఈ ప్రశ్నకు జవాబు తెలుగు చదవగలిగినవాళ్ళు తప్ప డండీలో ఎవరూ రాయలేరు. మా పిల్లకి స్కాట్లండ్‌లో ఎవరికీ లేని అర్హత తెనాలిలోనే ఉంది.

లైబ్రరీలు బొత్తిగా లేవనీ కాదు. తెనాలి నుంచి రైలెక్కితే చీరాల పక్కన వేటపాలెం. అక్కడి సారస్వత నికేతనం 1918 నాటిది. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో వస్తారు. హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. “ఎం.ఏ. సీటు రాకముందే వెళ్ళు. నాలుగు రోజులు కూర్చో. దుమ్ము పడుతుందో లేదో తెలుస్తుంది” అన్నాను.

వెళ్ళింది. ఒక్కదాన్నే పంపడం ఇష్టంలేక మా చెల్లెలు టిఫిను డబ్బా కట్టుకుని వెంట వెళ్ళింది. సాయంత్రానికల్లా తనూ ఓ సంపుటం ముందేసుకుని కూర్చుందట.

తర్వాత మా పిల్ల ఒక ఆచార్యుడికి ఉత్తరం రాసి నాకు చూపించింది. మొదటి ప్రతిలో “గౌరవనీయులైన అయ్యా, నాకు కామిక్స్ అంటే చాలా ఇష్టం, దారి చూపగలరు” అని ఉంది. ఇలాంటివి వాళ్ళకి రోజూ వస్తాయి. చింపేయమన్నాను. రెండో ప్రతిలో వేటపాలెంలో తను చూసిన పత్రికల పేర్లు రాసింది. వేసిన లెక్క రాసింది. ఆయన పుస్తకంలో తను ఒప్పుకోని ఒక పేరా సంగతి కూడా రాసింది. (అది తీసెయ్యమని మా మరిది, ఉండనీమని నేను.) ఉంచింది.

జవాబు ఇంకా రాలేదు. ఈలోగా పరీక్షలైపోయాయి, ఎం.ఏ. ప్రవేశ పరీక్ష రాసొచ్చింది. మొన్న చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. పాతపేపర్లవాడు వీధిలో కేక వేస్తే, మా మరిది తనే బయటికెళ్ళి ఈ ఇంట్లో ఇచ్చేవేమీ లేవని పంపేశాడట.