రసీదు మీద ఎవరి పేరు?

మన వాడల్లో సంఘం సభ్యత్వాలు రాసేటప్పుడు ఎవరి పేరు రాస్తున్నాం? ఇంటి పెద్ద పేరు, కాలేజీకి పోయే కొడుకు పేరు. అరుగు మీద కూచున్న పోలియో చెల్లె పేరు రాస్తలేం. అడిగితే "దానిది గూడ అన్న కట్టిండు గద" అంటరు. ఆమెకు సదరం సర్టిఫికెట్ ఉంది. పింఛను బుక్కు ఉంది. సర్కారు పుస్తకంలో ఉన్న పేరు మన పుస్తకంలో లేదు!

బోధన్ చుట్టుపక్కల ఎవరి ఒళ్లు ఎట్ల చెడ్డదో అందరికీ ఎరికే. ఒకనికి చెరుకు గానుగల చెయ్యి పడ్డది. ఒకడు గల్ఫ్‌ల పరంజ మీంచి పడి మంచంల తిరిగొచ్చిండు. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడితే కార్మికులు ధర్నా చేసిండ్రు. చెయ్యాల్సిందే. గానుగల చెయ్యి పోయినోని విషయంలో మాత్రం "వాని కర్మ" అన్నం. కులం పేరు చెప్పి కర్మ అంటే తిరగబడ్డ మనం ఇక్కడ అదే మాట ఎట్ల మింగినం?

పేరు సంగతి కూడా చూడండి. 2015 చివర్లో ప్రధాని రేడియోలో మాట్లాడి 'దివ్యాంగులు' అనమన్నారు. ఒకప్పుడు మనల్ని హరిజనులు అన్నట్టే! పేరులో దేవుణ్ని పెట్టి, బస్సు మెట్టు మాత్రం అంతే ఎత్తున ఉంచారు.

చట్టం లేక కాదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సర్కారు ఉద్యోగాల్లో 4 శాతం ఇమ్మన్నది. పదిమందిలో వికలాంగులను కావాలని అవమానించిన వాళ్లకు 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. మనకు అట్రాసిటీ చట్టం ఎట్లనో ఇదీ అట్లనే. ఎంతమందికి తెలుసు?

రెండూ తెలియాలి. 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ కేసు ఒకటి తీర్పు చెప్పింది. పుట్టుగుడ్డి అయిన ఎస్సీ యువతి మీద అత్యాచారం. నేరస్తునికి యావజ్జీవం ఖాయమైంది. కానీ కులం కారణంగానే చేశాడని సాక్ష్యం పెట్టలేదని అట్రాసిటీ సెక్షన్ కింద పడ్డ శిక్షను కొట్టేశారు. ఆడది, దళితురాలు, చూపు లేనిది: ఈ మూడింటినీ విడదీసి చూడలేమని ఆ తీర్పే చెప్పింది. కోర్టు చూసిన దాన్ని మన సంఘాలు చూడొద్దా?

అందుకే చెబుతున్నాం. మీలో వికలాంగులైన ప్రతి ఒక్కరూ వికలాంగుల హక్కుల సంఘంలో ఎవరికి వారు, సొంత పేరుతో సభ్యత్వం తీసుకోండి. 1994 జూలై 7న ఈదుముడిలో మోగిన దండోరాకు నాయకుడైన మంద కృష్ణ మాదిగే తర్వాత వికలాంగుల హక్కుల పోరాట సమితిని నిలబెట్టారు. వికలాంగుల హక్కుల జాతీయ వేదిక కూడా ఉంది. ఏది నచ్చితే దాంట్లో చేరండి. 2014లో రూ. 1,500, 2019లో రూ. 3,016, 2023లో రూ. 4,016 అయిన పింఛను ఎవరి దయా కాదు. రోడ్డెక్కినోళ్లు ఉన్నరు గనుకే పెరిగింది.

"రెండు సంఘాలెందుకు, రెండు పడవల మీద కాళ్లా?" అని మన కార్యకర్తలే అంటున్నారు. అక్కడా పై కులాలోళ్లే కుర్చీలెక్కుతరని ఇంకొందరి అనుమానం. అనుమానం ఉత్తది కాదు. అయితే బయట నిలబడి ఆ కుర్చీలను ఎట్ల గుంజుతం? సభ్యత్వం ఉంటేనే మహాసభలో చెయ్యి లేపొచ్చు, లెక్క అడగొచ్చు, పోటీకి నిలబడొచ్చు. అన్న పేరు మీద రసీదుంటే చెయ్యి లేపేది అన్ననే.

కార్యకర్తలకు ఒక మాట. వచ్చే మీటింగు మేడ మీద పెట్టకండి. మాట వినిపించని వాళ్లకు సైగలతో చెప్పగలిగిన ఇంటి మనిషిని వెంట తీసుకురండి. కరపత్రం చదవలేని వాళ్లకు చదివి వినిపించండి. కుంటోడా, గుడ్డిదానా అనే పిలుపులు మన నోట్లోంచే ముందు పోవాలె. రసీదు రాశాక ఇంటాయనకు ఇచ్చి రాకండి. ఎవరి పేరుందో వాళ్ల చేతిలోనే పెట్టండి.