ఆట ముగిసిన పిమ్మట

మన వార్షిక సంచికయందు ప్రతి సంవత్సరమును క్రీడాజట్ల ఛాయాచిత్రములు ప్రకటించుట ఆచారము. ముందు వరుసలోని బాలురు చేతులు కట్టుకొని కూర్చుందురు. నడుమ నాయకుడు కప్పును మోకాళ్లపై నిలిపి పట్టుకొనును. వెనుక డ్రిల్లు మాస్టరుగారు నిలిచియుందురు. ఈ సంచిక పనికై పాత సంచికలను తిరగవేయుచుండగా అట్టి చిత్రమొకటి మా కంటబడెను. కబడ్డీలో జిల్లా పోటీల వరకు వెళ్లిన జట్టు అది. ఆ బాలురిప్పుడు ఎచట నున్నారని ఒకరినొకరము అడుగుకొనగా ముగ్గురి సంగతి మాత్రమే చెప్పగలిగితిమి. ఒకడు గల్ఫు దేశములో నున్నాడు. ఒకడు సిరిసిల్లలో మరమగ్గముల పని చేయుచున్నాడు. మూడవవానిని గూర్చి తరువాత చెప్పెదము. మిగిలినవారు ఎట్లు ఆడిరో మాకందరకును జ్ఞాపకమున్నది. ఎట్లు బ్రతుకుచున్నారో ఒక్కరమును ఎరుగము. ఇది మాకు సిగ్గుగా తోచినది.

ఈ విషయమునే వ్రాయుటకు మరియొక కారణము కూడ కలదు. 2025 ఫిబ్రవరి మాసమున పుల్లెల గోపీచంద్ గారు ఒక పత్రికతో మాటలాడుచు, ధనవంతులు కానివారును, కుటుంబ వ్యాపారము లేనివారును తమ పిల్లలను ఆటనే జీవనవృత్తిగా పట్టుకొననీయవలదని తాను తలిదండ్రులకు చెప్పుచున్నట్లు వెల్లడించిరి. ఆ మాట దేశమంతట ప్రాకినది, చందుర్తికిని వచ్చినది. మా విద్యార్థి తండ్రి యొకరు మైదానము అంచుననే నిలిచి, “అంత పెద్దాయననే వద్దంటున్నడు గద సారూ, మా పిలగాన్ని ఇగ ఆటకు పిలువకుండ్రి” అనిరి. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్ప ప్రయత్నించుచున్నాము.

గోపీచంద్ గారి మాట అసత్యమని మేమనజాలము. ఎందరు పిల్లలు రాకెట్టు పట్టుకొని వచ్చుచున్నారో, వారిలో ఎందరు నిలుచుచున్నారో ఆయన కన్నులారా చూచినవారు. హకీంపేటలోని క్రీడాపాఠశాలలో బిడ్డలను నాలుగవ తరగతిలోనే చేర్చుకొందురు. తొమ్మిదేండ్ల వయసున మొదలయిన పరుగు ఇరువదవ యేట ఏదో యొక కారణమున ఆగిపోయినచో, ఆ యువకునకు ఇంకను నలువదేండ్ల బ్రతుకు మిగిలియుండును. దానికి కూలి, కొలువు కావలయును, నిజమే. అయితే కొలువు దొరికినవారు కూడ కొందరు ఆట విడిచిన పిమ్మట కుంగిపోవుచున్నారు. నిన్నటి వరకు తన పేరు పెట్టి కేకలు వేసినవారు నేడు బస్సులో ప్రక్కనే కూర్చుండియు గుర్తుపట్టకున్నచో ఆ దెబ్బ జీతముతో మానదు. ఆ దెబ్బకు తట్టుకొని నిలుచుటకు రెండు కావలయునని మా అభిప్రాయము. ఆడుచున్న దినములలోనే ఆటకు వెలుపల నున్న మనిషిని చూడగలిగిన గురువు మొదటిది. తన మనసున కలుగు కోపమును, అవమానమును, భయమును వాని పేర్లతో గుర్తింపగల నేర్పు రెండవది. దీనిని ఇప్పటివారు భావోద్వేగ ప్రజ్ఞ యనుచున్నారు. పేరు కొత్తది, మన పెద్దలు దీనినే ‘మనసు ఎరిగినతనము’ అనెడివారు.

ఇందుకు సాక్ష్యము గోపీచంద్ గారి జీవితమునందే కలదు. 1994లో పూనాలో జరిగిన జాతీయ క్రీడలలో ఆయన మోకాలు తీవ్రముగా దెబ్బతినెను. అప్పటికి ఆయనకు ఇరువదియేండ్లు. శస్త్రచికిత్స, నెలల కొలది విశ్రాంతి, మరల నడక నేర్చుకొనుట! ఆ వయసున ఆ మంచముపై ఎందరి ఆట ముగిసిపోయినదో! ఆయనకు హైదరాబాదులో సయ్యద్ మహమ్మద్ ఆరిఫ్ గారు ఆట నేర్పిరి. బెంగుళూరులో గంగూలీ ప్రసాద్ గారును, ప్రకాశ్ పదుకోనె గారును తోడుపడిరి. ఈ పదుకోనె గారు 1980లో ఆల్ ఇంగ్లాండు పోటీ గెలిచినవారు. ఆట విడిచిన పిమ్మట 1994లో శిక్షణాలయమును స్థాపించినవారు. కావున గెలిచినవాడు ఆట ముగిసిన తరువాత ఏమి చేయవచ్చునో గోపీచంద్ గారు తాము ఇంకను ఆడుచున్నప్పుడే చూచిరి. ఇట్టి చూపు పుస్తకములలో దొరకదు. 1996 మొదలు ఐదేండ్లు వరుసగా ఆయన జాతీయ విజేత యైరి. 2001 మార్చి 11వ తేదీన చైనాకు చెందిన చెన్ హాంగును 15–12, 15–6తో ఓడించి, గురువు గెలిచిన ఆల్ ఇంగ్లాండు బహుమానమునే తామును గెలిచిరి.

అటుపిమ్మటి కథ మాకు మరింత ముఖ్యమైనది. 2003లో ప్రభుత్వము గచ్చిబౌలిలో భూమి నిచ్చినది. కట్టుటకు ధనము చాలలేదు. ఆయన తమ ఇంటిని తాకట్టు పెట్టిరి. 2008లో శిక్షణాలయము తెరవబడెను. 2012లో లండనులో సైనా నెహ్వాల్ కాంస్యమును, 2016లో రియోలో సింధు రజతమును గెలిచిరి. రియోకు ముందు మూడు మాసములు సింధు చరవాణిని ఆయన తమయొద్దనే ఉంచుకొని, పోటీ ముగిసిన పిమ్మట తిరిగి యిచ్చిన సంగతి పిల్లలందరు ముచ్చటగా చెప్పుకొందురు. మాకు మాత్రము అంతకన్న వేరొక సంగతి పెద్దదిగా తోచును. 2014లో సైనా ఆయనను విడిచి బెంగుళూరు వెళ్లిరి. చిన్ననాటినుండి నేర్పిన శిష్యురాలు వెళ్లుట తనకెంత బాధ కలిగించెనో ఆయన తరువాతి కాలమున దాచక చెప్పుకొనిరి. 2017లో ఆమె తిరిగి వచ్చినప్పుడు మరల చేర్చుకొనిరి. బాధను బాధ యని ఒప్పుకొనుట, ఒప్పుకొనియు తలుపు తెరచియుంచుట—ఈ రెండును చేయగల ఆటగాడు గురువు కాగలడు. ఎంత గొప్పగా ఆడినను ఇవి చేతగానివాడు నేర్పబోయి పిల్లలను బెదరగొట్టును. అట్టివారిని మేము చూచియున్నాము, పేర్లేల?

ఇంకను వెనుకకు పోయినచో మన ఉపాధ్యాయులు గర్వింపదగిన పేరొకటి కలదు. హైదరాబాదు ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం గారు మొదట బడిపంతులు. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, తరువాత వేరు పాఠశాలలలోను పాఠములు చెప్పిరి. వ్యాయామ విద్యలో పట్టా పుచ్చుకొనిరి. 1950 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టును, భారత జట్టును తీర్చిదిద్దిరి. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో మన జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. 1962లో జకార్తాలో ఏషియా క్రీడలకు వెళ్లునాటికి ఆయన కాన్సరు వ్యాధితో నున్నారు. అచట థాయిలాండుతో ఆడునప్పుడు జర్నైల్ సింగు తలకు గాయము తగిలి కుట్లు పడెను. ఆయన వెనుక నిలిచి బంతిని అడ్డగించు ఆటగాడు. తలతో బంతిని కొట్టక తీరని స్థానమది. రహీం గారు ఆయనను ఇంటికి పంపలేదు. వెనుకనుండి తీసి ముందు నిలిపిరి. సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాపై 2–1తో గెలిచిన తుది పోటీలో ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది ఆ కుట్లు పడిన జర్నైల్ సింగుది. గాయపడినవానికి నిలువదగిన చోటు మరియొకటి ఉండునని ముందుగా గురువు కంటికి కనబడవలయును. పిమ్మటనే వాని కంటికి కనబడును.

ఆ జట్టువారిలో బెనర్జీ గారు పేరుపొందిన కోచ్ ఐరి. రహీం గారి కుమారుడు హకీం గారు, తామును ఒలింపిక్ ఆటగాడై, అంతర్జాతీయ పోటీలకు రిఫరీ ఐరి. అందరి కథయు ఇట్లే సాగలేదు. సికింద్రాబాదు ప్రక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాం గారు ఆ బంగారు జట్టులోని మేటి ఆటగాడు. 1963లో ఊపిరితిత్తుల వ్యాధి ఆయన ఆటను అర్ధాంతరముగా ఆపినది. ఆ యేడే, జూను 11వ తేదీన, రహీం గారు మరణించిరి. ఆట పోయిన వత్సరముననే గురువును పోయెను! బలరాం గారు బెంగాలులోని ఉత్తరపాడాలో నివసించి, బాలురకు ఆట నేర్పి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూసిరి. తమకు దక్కవలసిన గౌరవము దక్కలేదను నొప్పిని ఆయన కడవరకు మోసిరి. రహీం గారు మరి పదియేండ్లు బ్రతికియున్నచో ఆ నొప్పి ఎంత తగ్గియుండునో మేమెట్లు చెప్పగలము? కాని ఆ తలంపు మమ్ము విడువదు.

ఇవన్నియు పెద్దవారి కథలు, మన చందుర్తికేమి సంబంధమని అడుగవచ్చును. మన గ్రామములలో ఆట విడిచినవాని స్థితిని అర్థము చేసికొనుటకు గల్ఫునుండి తిరిగివచ్చినవానిని చూచిన చాలును. ఇంటింట నొకడున్నాడు. పదునైదేండ్లు ఎడారిలో ఒక పనిలో నేర్పరియై, ఒకనాడు సామానుపెట్టెతో వేములవాడలో బస్సు దిగును. మొదటి నెల చుట్టాలు వత్తురు. రెండవ నెల ఎవ్వరు రారు. అటుపిమ్మట అరుగుపై కూర్చుండి దారిని చూచుచుండును. తాను ఎవడో తనకే తెలియని స్థితి అది. ఆట విడిచిన బాలునకు ఇదే స్థితి పదునేడవ యేట కలుగును.

మేము పైన విడిచిన మూడవవాని సంగతి ఇదియే. వాడు కూతకు వెళ్లిన ఎదుటి జట్టు చెదరిపోయెడిది. క్రీడల వసతిగృహములో చేరి రెండేండ్లుండెను. మోకాలి నరము తెగి తిరిగివచ్చెను. ఇచట తప్పు మాది, దాచము. వాడు వచ్చిన వారముననే జట్టు పట్టికనుండి వాని పేరు కొట్టివేసితిమి. వాని సంఖ్య గల బనియను వేరొకని కిచ్చితిమి. నియమము ప్రకారము సరియే. వానితో ఒక్కమాట చెప్పవలెనని ఒక్కరికిని తోచలేదు. ఇరువది దినముల పిమ్మట బీడీలు చుట్టి కుటుంబము నడుపు వాని తల్లి వచ్చి, “పిలగాడు అన్నం కాడ గూడ మాట్లాడుతలేడు సారూ” అని గుమ్మముకడ నిలిచినది. అప్పుడు మాకు తెలిసినది.

మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులొకరు—వారికి ఆటలు రావు, చూచుటయు తక్కువే—ప్రతి సాయంకాలము వాని ఇంటికి పోయి కూర్చుండిరి. పది దినములు ఆట మాట ఎత్తలేదు. పదునొకండవ దినమున వాడే ఎత్తెను. అందరిపై కోపముగా నున్నదని చెప్పెను. ఎవరిపై నని అడుగగా కొంతసేపు ఊరకుండి, నాపైననే అనెను. ఆ ఒక్కమాట బయటికి వచ్చుటకు పది దినములు పట్టినది. పిదప మండల పోటీలలో అంకెలు వ్రాయుటకు పిలిచితిమి. మొదటి దినమున నడుమ లేచి వెళ్లిపోయెను. రెండవ దినమున వచ్చెను. ఇప్పుడు వేములవాడలో మోటార్లకు తీగె చుట్టు దుకాణము నడుపుచున్నాడు. పాఠశాలల పోటీల కాలమున దుకాణము మూసి రిఫరీగా వచ్చును. వాని తీర్పుపై జగడము మేమింతవరకు వినలేదు.

కావున ఆ తండ్రిగారికి మా బదులు ఇది. ఆటకు పంపుడు, బడి పుస్తకము మాన్పింపకుడు. ఓడి వచ్చిననాడు ఎంత కొట్టితివని గాక ఎట్లున్నావని అడుగుడు. కొలువు వచ్చునని మేము మాట యియ్యలేము, ఇచ్చువారిని నమ్మవద్దు. కాని పిల్లవాడు జట్టునుండి తొలగిననాడు వానితో మాటలాడుటకు ఒక పెద్ద ఉండునని మేము మాట యిచ్చుచున్నాము. డ్రిల్లు మాస్టరుగారొక్కరే అందరికి చాలరు గనుక ఉపాధ్యాయులందరము కొందరు కొందరను పంచుకొంటిమి. విద్యార్థులారా, మీతో ఆడినవాడు వారము దినములు కనబడకున్నచో వాని ఇంటికి పొండు. వట్టి చేతులతో పోయినను సరియే.

ఆ పాత చిత్రములలోని బాలురు ఇప్పుడేమి చేయుచున్నారో వ్రాయుటకు ఒక పుస్తకమును తెరచితిమి. అది కార్యాలయములో గడియారము క్రింది బల్లపై నున్నది. ఇప్పటికి అందు తొమ్మిది పేర్లు ఎక్కినవి; మూటికి ఎదురుగా చోటు ఖాళీగా నున్నది. తెలిసినవారు వచ్చి వ్రాయ ప్రార్థన.