గాజులు మనవి, క్లచ్ సంగతి మనకొద్దా?

"కార్ల సంగతి నీకేం తెలుసు వదినా" అన్నాడు మా మరిది, సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు బేరమాడుతూ. మా అల్లాదుర్గ్‌లో వంకాయనైనా తిప్పి చూసే కొంటాం. లక్షలు పోసే కారుకు రంగు, సౌండు చూస్తే చాలా?

ఆగి ఉన్న కారును ఒక్కసారిగా ఉరికించేవాళ్ళ చేతిలో క్లచ్ ప్లేటు త్వరగా అరుగుతుంది. కిలోమీటర్ల మీటరు ఆ సంగతి చెప్పదు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కమనండి. ఇంజిను హోరు పెరిగి, వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. కాలిన వాసనొచ్చినా అనుమానించాల్సిందే. మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, చిన్న ఖర్చు కాదు.

కుదువ పెట్టడానికి గాజులడిగినప్పుడు 'నీకేం తెలుసు' అనరేం? అక్కలూ, క్లచ్ చూసేదాకా బీరువా తాళం ఇవ్వకండి.