రెండో గడి ఎవరి కోసం? (నీళ్లూ కులమూ – 4)

నా పళ్ల మీద పసుపు చారలుంటాయి. పీహెచ్‌డీ వైవా రోజు ఒక పెద్దాయన “గుట్కా అలవాటుందా అబ్బాయ్?” అన్నాడు. “లేదు సార్, చిన్నప్పుడు తాగిన మా గేరి బోరు నీళ్లు” అనడానికి ఆ రోజు నోరు రాలేదు. ఇప్పుడు చెప్తున్నా.

పోయిన నెల మా గేరి నుంచే వచ్చి మా కాలేజీలో చదువుతున్న అమ్మాయి, ఊరి నీళ్ల పరీక్ష రిపోర్టు ఫొటో పంపింది. “సార్, ఫ్లోరైడ్ 1.4 అంట. కింద ‘తాగడానికి యోగ్యం’ అని రాసినారు. మరి మా అవ్వ నడుము ఎందుకు వంగిపోయింది?”

నేను సాహిత్యం చదువుకున్నోణ్ని. రిపోర్టును కూడా పాఠం చదివినట్టే చదివాను.

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012). అందులో రెండు గళ్లుంటాయి. మొదటిది, ఉండాల్సిన పరిమితి. రెండోది, ‘వేరే నీటి వనరు లేనప్పుడు’ సర్దుకోదగిన పరిమితి. లీటరుకు మిల్లీగ్రాముల్లో ఫ్లోరైడ్‌కు 1, 1.5. కరిగిన లవణాలకు, అంటే టీడీఎస్‌కు, 500, 2000. నైట్రేట్‌కు మాత్రం 45 దాటితే సడలింపు లేదు. ఈ.కోలి బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ కనబడకూడదు.

అంటే ఆ 1.4 మొదటి గడిలో ఫెయిలు, రెండో గడిలో పాసు. వేరే నీళ్లు లేనోళ్లెవరు? డబ్బున్నోళ్లు క్యాన్ కొంటారు, ఇంట్లో ఆర్వో పెట్టుకుంటారు. రెండో గడి గేరికి మిగుల్తుంది.

ఇంకో సంగతి. నమూనా తీసింది ఊరి ట్యాంకు దగ్గర. గేరి పైపు చివరన ఉంది. అక్కడికొచ్చేసరికి సన్న ధార, ఎండాకాలం అదీ ఉండదు. తాగేది బోరు నీళ్లే. ఆ బోరు రిపోర్టులోనే లేదు. పట్టుబట్టి పరీక్ష చేయిస్తే 2.6 వచ్చింది. రిపోర్టు అబద్ధమాడలేదు. గేరి దాకా రాలేదు, అంతే.

“ఇది ప్రకృతి శాపం, కులాన్ని ఎందుకు లాగుతావ్?” అంటారు. రాతిలో ఫ్లోరైడ్ ఉండటం ప్రకృతే. వాన తక్కువై బోర్లు లోతుకు పోయేకొద్దీ, రాతిలో ఏళ్లతరబడి నిలిచిన నీళ్లు పైకొస్తాయి. నాటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే నమోదు చేశారు. మన జిల్లాకు దూరం నుంచి పైపుల్లో మంచినీళ్లు తేవొచ్చని 1990ల్లోనే సత్యసాయి పథకం చూపించింది. రాయికి కులం లేదు. పైపు ఏ వీధి దగ్గర ఆగిందో చూస్తే కులం కనబడుతుంది.

1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చెరువు నీళ్లు తాగి చూపించాల్సొచ్చింది. 1985లో కారంచేడు గొడవ మొదలైంది కూడా మాదిగలు తాగే నీళ్లను పాడుచేయడం దగ్గరే. ఇప్పుడు నీళ్ల పక్కన ఒక కాగితం కూడా వచ్చింది. దాన్నీ మనం చదవాలి.

పంచాయతీలో మూడే ప్రశ్నలు అడగండి. నమూనా ఏ కొళాయి నుంచి తీశారు? ఏ తేదీన? ఏ గడి ప్రకారం పాసు చేశారు? జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు పరీక్ష కిట్ వాడటం నేర్పాలి. వాళ్లలో గేరి మనిషి ఉందా అని కూడా అడగండి. కాచితే ఫ్లోరైడ్ పోదని మీ అమ్మలకు చెప్పండి.

ఆ అమ్మాయి ఇప్పుడు అర్జీ రాస్తోంది. తప్పులు దిద్దడమే నా పని.

జై భీమ్.