అడవికోడి నట్టల చదువు మన పెరటికీ పనికొస్తుంది

మా కొత్తగూడలో ఇప్పుడు నాగలి కనబడదు. పొలాలున్న చోట అద్దాల మేడలు లేచాయి. పక్కనే కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ మిగిలింది కాబట్టి తెల్లవారుజామున నెమలి కేక ఇంకా వినగలుగుతున్నాం.

అడవి పక్షుల కడుపులో నట్టలు లెక్కపెట్టడమూ ఒక చదువేనా అని మనలో చాలామంది నవ్వుతారు. ఆ నవ్వు సరికాదు.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థినిగా ఉన్న మార్లీన్ జుక్, ఆచార్య హామిల్టన్‌తో కలిసి 1982లో ఒక వాదన ముందుకు తెచ్చారు. రోగాలను, నట్టలను తట్టుకున్న పక్షే నిగనిగలాడుతుంది, ఆడపక్షి ఆ నిగారింపు చూసే జోడును ఎంచుకుంటుంది అన్నారు. తర్వాత ఆమె బృందం ఎర్ర అడవికోళ్లపై పరీక్ష చేసి 1990లో ఫలితాలు ప్రకటించింది. నట్టలు సోకిన పుంజుల తలమీది జుట్టు చిన్నదై, రంగు వెలిసింది. పెట్టలు ఎక్కువగా నట్టలు లేని పుంజులనే కోరుకున్నాయి. ఆ ఎర్ర అడవికోడి మన నాటుకోడికి మూలం. సంతలో జుట్టు ఎరుపు చూసి పుంజును బేరమాడే మన అమ్మలకు ఈ సంగతి ముందే తెలుసు. కారణం ఏమిటో ఆ చదువు చెప్పింది.

ఆ పుంజులకు సోకిన నట్టలే మన పెరటికోళ్ల పేగుల్లోనూ ఉంటాయి. వాటి గుడ్లు రెట్టతో పడి, తేమ నేలలో నెలల తరబడి బతుకుతాయి. గింజతోపాటు కోడి వాటినీ మింగుతుంది. నెమళ్లకూ కోళ్లకూ ఉమ్మడిగా సోకే నట్టలూ ఉన్నాయి. కంచలు తరిగి నెమళ్లు చేలలోకి, పెరళ్లలోకి వస్తే రెండూ ఒకే నేలమీద మేస్తాయి. తప్పు నెమలిది కాదు. పంట తింటుందని విషం పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

పది కోళ్లున్న ఇంటికి అవే పిల్లల ఫీజు, పండుగ ఖర్చు. అందుకే అడుగుతున్నాం. రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం విద్యార్థులు మన ఊళ్లకు రావాలి. నెమలి రెట్ట, కోడి రెట్ట రెండూ పరీక్షించి, ఫలితం తెలుగులో మనకే చెప్పాలి. గొర్రెలకు ఇచ్చినట్టే పెరటికోళ్లకూ సర్కారు నట్టల మందు ఉచితంగా ఇవ్వాలి. మిగిలిన కంచలను అమ్మకానికి పెట్టకూడదు.

మన వంతు పనీ ఉంది. కోళ్ల గూడు పొడిగా ఉంచుదాం, రెట్ట రోజూ ఎత్తేద్దాం, డాక్టరును అడిగే మందు వేద్దాం. రెట్ట ఏరడానికి ఏ విద్యార్థి వచ్చినా నవ్వకుండా మన పెరడు చూపిద్దాం.