విశ్రాంత జీవితంలో మిరప మొక్క

ఉద్యోగ విరమణతో జీతం వచ్చే పని ముగుస్తుంది గాని, మనిషికి పనితో ఉన్న సంబంధం ముగిసిపోదు. ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు తెలంగాణలో 2021లో 61 ఏళ్ళకు, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62 ఏళ్ళకు పెరిగింది. ఆ వయస్సు నాటికి చాలామందికి అనుభవం పండి ఉంటుంది. ఒంట్లో ఓపిక మిగిలి ఉంటుంది. లేనిదల్లా ఉదయం లేవగానే తమకోసం ఎదురుచూసే పని. నిన్నటిదాకా పదిమందికి దారి చూపిన వ్యక్తి నేడు వాకిట్లోని కుర్చీకి పరిమితమైతే, ఆ వెలితిని పింఛను పూడ్చలేదు. “ఇక విశ్రాంతి తీసుకోండి” అని పిల్లలు ప్రేమతో అన్నమాటే కొందరికి శిక్షగా పరిణమిస్తుంది. అటువంటివారు పెరటిలోనో, మేడమీదనో పది మిరప మొక్కలు పెంచుకోవడం ఎంతో మేలు.

ఇన్ని మొక్కలుండగా మిరపే ఎందుకన్న ప్రశ్న సహజమే. మామిడి నాటినవారు ఫలం కోసం ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. మిరప అలా కాదు. నారు పోసిన ఆరు వారాలకు మొక్క నాటడానికి సిద్ధమవుతుంది. ఆపై రెండు మూడు నెలలలో పచ్చికాయ కోతకు వస్తుంది. అడుగు లోతు కుండీ, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ధారాళమైన ఎండ ఉంటే చాలు. శీతల దేశాలలో మంచు కురిసే కాలానికి మిరప చనిపోతుంది. మన ఉష్ణమండలంలో సక్రమంగా సాకితే అదే మొక్క ఏడాది దాటి కూడా బతుకుతుంది. అయితే నడివేసవి ఎండకు పూత రాలిపోతుంది. అందుకే జూలై, ఆగస్టు నెలలలో నారు పోసి, చల్లని రోజులలో పూత, కాపు వచ్చేలా చూసుకోవడం వివేకం.

మిరప సోమరి చేతికి లొంగదు. నీరు ఎక్కువైతే నారు కుళ్ళుతుంది. తక్కువైతే పూత రాలుతుంది. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి ఆశించినట్లు భావించాలి. ఆకు అడుగుభాగాన్ని రోజూ పరిశీలించేవారు వేపగింజల కషాయంతోనే తొలిదశలో చాలావరకు కాపాడుకోగలరు. ఏళ్ళ తరబడి దస్త్రాలలో తప్పులు వెదికిన కళ్ళకు, తరగతి గదిలో వెనుక వరుస పిల్లవాణ్ణి గమనించిన కళ్ళకు ఈ పరిశీలన కొత్తేమీ కాదు.

ఈ సాగు ఇచ్చే ఫలాలలో మొదటిది కాయ కాదు, రైతు కష్టంపై అవగాహన. 2021-22లో నల్ల తామర పురుగు విరుచుకుపడి తెలుగు రాష్ట్రాలలో వేలాది ఎకరాల మిరప తోటలను నాశనం చేసింది. అప్పు చేసి పంట పెట్టిన రైతు కళ్ళముందే పూత మాడిపోయింది. కుండీలోని పది మొక్కలకు ముడత వస్తే నొచ్చుకున్న మనస్సుకు ఆ వేదన వార్తగా మిగిలిపోదు. బజారులో కాయల ధర పెరిగిందని విసుక్కొనే ముందు ఆ మనిషి ఒక్కక్షణం ఆగుతాడు.

రెండవ ఫలం విత్తనం. అమెరికా ఖండాలలో పుట్టిన మిరప పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చింది. అంతవరకు మన వంటలకు ఘాటునిచ్చింది మిరియమే. ఆలస్యంగా వచ్చిన ఈ అతిథి మన నేలలో వేళ్ళూనుకొని ఊరూరా కొత్త రుచులు సంతరించుకుంది. గుంటూరు సన్నం 2010లో, వరంగల్ చపాటా 2025లో భౌగోళిక గుర్తింపు పొందాయి. సంకర విత్తనం మరుసటి తరంలో తల్లి గుణాన్ని నిలుపుకోదు. నాటు రకాన్ని మాత్రం ఇంటిలోనే భద్రపరచవచ్చు. పక్కపక్కన రెండు రకాలు ఉంటే కీటకాల వల్ల సంపర్కం జరుగుతుంది గనుక విత్తనపు మొక్కను దూరంగా ఉంచాలి. అటువంటి ఓర్పు, తీరిక విశ్రాంత జీవులకే ఎక్కువ. మనుమలకు పాఠం కూడా అక్కడే దొరుకుతుంది. కారం గింజలో కాక, గింజలను పట్టి ఉంచే తెల్లని పొరలో పుడుతుందని, ఆ మంట పక్షులకు తెలియదని కాయ కోసి చూపుతూ చెప్పవచ్చు. మంటను మన నరాలు గుర్తించే తీరును మిరపలోని కాప్సైసిన్ సాయంతో ఛేదించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారని విన్న పిల్లలకు పచ్చడి బద్ద సైతం విజ్ఞాన వస్తువుగా కనిపిస్తుంది.

పావుకిలో మిరపకాయల కోసం ఇంత శ్రమ, ఖర్చు ఎందుకని ఆక్షేపించేవారున్నారు. లెక్క చూస్తే వారి మాట నిజమే. కాని ఉదయపు నడకను మిగిలిన బస్సు ఛార్జీతో ఎవరూ కొలవరు. వ్యాపకానికి లాభనష్టాల కొలత చాలదు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. మొక్కలు తెచ్చిన గొప్ప తనది, మేడమీదికి నీళ్ళు మోసే పని కోడలిది అయితే అది వ్యాపకం అనిపించుకోదు. నిజానికి ఇంటి ఇల్లాలికి పదవీ విరమణ అన్నదే లేదు. చల్లమిరపకాయలు ఊరబెట్టడం, పండుమిరప పచ్చడికి ఉప్పు పాళ్ళు, ఎండుకాయను తేమ తగలకుండా దాచడం ఆమె ఏనాడో నేర్చిన విద్యలు. విశ్రాంత ఉద్యోగి ఆమె వద్ద శిష్యరికం చేయడానికి సంకోచించరాదు. అధికారంతో గడిపిన జీవితానికి ఆ వినయం కొత్త అందాన్నిస్తుంది.

వృద్ధులకు భోజనం, మందులు సమకూర్చడంతో కుటుంబం బాధ్యత తీరిపోదు. వారు చేసే పనిని పనిగా గుర్తించడం కూడా ఆ బాధ్యతలో భాగమే. తాతగారు కోసి తెచ్చిన గుప్పెడు కాయలు ఆ పూట కూరలో పడాలి; వాటి రుచిని గురించి ఇంటిల్లిపాదీ ఒక మాట చెప్పుకోవాలి. తన అవసరం ఈ ఇంటికి ఇంకా ఉన్నదన్న నమ్మకం వారికి కలిగేది అప్పుడే.